మా అప్ప ముఖం కోసం కొన్న కెమెరా

సాయంత్రం ఆరింటికి రావలసిన హౌరా బండి పలాసకి ఏడింటికి వచ్చింది. స్లీపర్ టికెట్టు, పెద్దవాళ్ళకిచ్చే రాయితీ మీద కొన్నాను. కింది బెర్తు కావాలని ఫారంలో స్పష్టంగా రాస్తే పైది ఇచ్చారు. వయసు రాయమని అడగడం ఎందుకో, రాసింది చూడకుండా పక్కన పడేయడం ఎందుకో ఆ శాఖవారికే తెలియాలి. సంచిలో రెండు జతల బట్టలు, అప్పకి జీడిపప్పు, ఎండు నెత్తళ్ళు పెట్టుకున్నాను. కెమెరా డబ్బు బనియను లోపలి జేబులో ఉంది.

కెమెరా విశాఖపట్నంలోనూ దొరుకుతుందని చాలామంది నాకు చెప్పారు. దొరుకుతుంది. కాని నేను ఫొటో తీయవలసిన మనిషి విశాఖపట్నంలో లేదు. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో, డాక్ గేటుకి దగ్గర్లో ఒక సందులో ఉంది. కోల్‌కతా అని రాయాలట ఇప్పుడు. పింఛనుతో పలాస చేరకముందు నేను అక్కడ ఓడల సరుకు దించినంత కాలమూ అది కలకత్తా డాకే. నాకు అలాగే వస్తుంది.

ఆ మనిషి మా అప్ప, అంటే అక్క. అమ్మ పోయేనాటికి అప్పకి పదకొండేళ్ళు, నాకు మూడు. తర్వాత డాక్‌లో పనిచేసే నాన్న మా ఇద్దరినీ తనతోపాటు కలకత్తా తీసుకెళ్ళిపోయాడు. అమ్మకి ఒక్క ఫొటో లేదు. ఆమె చీర రంగు నాకు గుర్తుంది, పొయ్యి ముందు కూర్చున్న వీపు గుర్తుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. వయసు మీద పడ్డాక ఈ లోటు తగ్గుతుందనుకున్నాను. పెరిగింది. మా పెదనాన్న బతికున్నన్నాళ్ళూ ఒకే మాట చెప్పేవాడు: మీ అమ్మని చూడాలంటే మీ అప్పని చూడు, అచ్చు గుద్దినట్టు అదే ముఖం అని. అందుకని అప్ప ముఖం నాకు కావాలి. ఆమె ఉండగానే కావాలి.

ఉండగానే అని ఎందుకంటున్నానంటే, మా డాక్ తెలుగువాళ్ళ ఇళ్ళలో ఫొటో పోయినవాళ్ళకే. మనిషి పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, దండ వేసి, అప్పుడు స్టూడియో మనిషికి కబురు పంపేవారు. అతను ఫొటో తీసుకెళ్ళి, మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు గీసి తెచ్చేవాడు. మా నాన్న ఫొటోలో ఉన్న కళ్ళు నాన్నవి కావు. పక్కింటి ఆయనవీ అవే కళ్ళు, ఎదురింటి ముసలమ్మవీ అవే కళ్ళు. సందు సందంతా ఒకే జత కళ్ళు గోడల మీంచి చూస్తుండేవి. దీన్ని ఎవరూ తప్పనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. అక్షరాలు నేర్చుకున్నది సరుకు పెట్టెల మీద రాతలు చూసి. కెమెరా సంగతులు నేర్చుకున్నది ఖిదిర్‌పూర్‌లో తూకానికి అమ్మే పాత ఇంగ్లీషు పత్రికలు చదివి. లెన్సు కన్ను ఎంత పెద్దగా తెరుచుకుంటే ఎంత వెలుతురు లోపలికి వస్తుందో పడుచు వయసులోనే కంఠతా పట్టాను. కెమెరా మాత్రం చేతపట్టలేదు. రీలు కొనడం, కడిగించడం, ప్రింటు వేయించడం డాక్ కూలి వల్ల అయ్యే పని కాదు. ఇప్పుడు డిజిటల్ వచ్చి రీలు బాధ తీరింది. లెన్సు మార్చుకునే పెద్దరకం, ఎస్ఎల్ఆర్ అంటారు, దాని ధర కూడా నాలాంటి పింఛనుదారుకి అందే చోటికి దిగింది.

బరంపురం దాటాక కింది బెర్తు మీద వెల్లూరు నుంచి వైద్యం చేయించుకుని వస్తున్న బెంగాలీ దంపతులతో మాట కలిసింది. ఎందుకు వెళ్తున్నారని ఆయన అడిగాడు. చెప్పాను.

"మేమంతా ఆరోగ్యం కోసం అటు పరిగెడుతుంటే మీరు కెమెరా కోసం ఇటు వస్తున్నారా దాదా" అన్నాడు.

ఆయన భార్య, "రావడమే మంచిది. ఈయన గుండె ఫొటోలు పదిహేను తీశారు, ముఖం ఫొటో ఒక్కటి లేదు మా ఇంట్లో" అంది. ఆమె మాట నాకు నచ్చింది. ఆయన తన కింది బెర్తు మాత్రం ఇవ్వలేదు.

ఖరగ్‌పూర్‌లో తెల్లవారింది. మట్టి ముంతలో టీ తాగాను. ఎనిమిది దాటాక హౌరాలో దిగి, టాక్సీవాళ్ళ అరుపులకి దొరక్కుండా లాంచీ ఎక్కి బాబూఘాట్ చేరాను. అక్కణ్ణుంచి నడిచి ధర్మతల్లా, ధర్మతల్లాలో ట్రాము. మైదానం మీదుగా ఖిదిర్‌పూర్ వెళ్ళే ఈ ట్రాములో తొందరున్నవాళ్ళు ఎక్కకూడదు. తొందర లేనివాళ్ళకి ఇంతకంటే మంచి ప్రయాణం ఊళ్ళో లేదు. ఇది చదివేవాళ్ళు ఎవరైనా వెళ్తే కిటికీ పక్క చెక్కసీటు చూసుకోండి.

అప్ప గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సందు మొదట్లో డాక్‌కి వెళ్ళే లారీలు ఎప్పటిలాగే వరస కట్టి ఉన్నాయి. వాటి నీడలో పట్టపగలు ఇంట్లో బల్బు వెలుగుతోంది.

"ఒచ్చినావా. ఏటిరా, ఇలాగ సిక్కిపోనావు? మీ ఊర్లో తిండి నేదేటి?" అంది.

"ఉంది. వండేవాళ్ళే లేరు."

"నేర్సుకో మరి. అన్నీ నేర్సుకుంతావు గదా."

అప్ప కోడలు టీ తెచ్చింది. ఆమెకి మాత్రం ఫోనులో ముందే చెప్పాను. "మావయ్యా, చా తీసుకోండి. కెమెరా కొంటారట. అత్తమ్మకి చెప్పకండి, వారం రోజులు ఇల్లు వదిలి పారిపోద్ది" అంది నవ్వుతూ. అప్ప విననట్టు బియ్యం చెరిగింది.

మధ్యాహ్నం అన్నం తిని మళ్ళీ ట్రామెక్కి మెట్రో గల్లీకి వెళ్ళాను. ధర్మతల్లాలో ఇటూ అటూ కెమెరా కొట్లే ఉన్న సందు అది. కొత్తవీ, చేతులు మారినవీ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు. మొదటి రెండు కొట్లవాళ్ళు నా పంచె చూసి లేవలేదు. మూడో కొట్టాయన లేచాడు.

"మనవడికా దాదు?"

"నాకే."

"అయితే జేబులో పట్టేది తీసుకోండి. పన్నెండు మెగాపిక్సెల్. మీరు నొక్కితే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది."

"అదే చూసుకుంటే ఇక నేనెందుకు?"

ప్రతి కొట్లోనూ ఈ మెగాపిక్సెల్ లెక్కే. బియ్యం బస్తా మీద గింజల లెక్క రాసినట్టుంటుంది. మా అప్ప ఇల్లు చీకటి. ఆమెకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది, ఫ్లాష్ వెలిగితే కళ్ళవెంట నీళ్ళు కారతాయి. జేబు కెమెరా ఆ చీకట్లో ఫ్లాష్ లేకుండా తీస్తే మచ్చలు తప్ప ముఖం రాదు. నాకు కావలసింది వెలుతురు తాగే లెన్సు. దూరం దగ్గర జరగని లెన్సు, యాభై అంకెది, కన్ను బాగా పెద్దగా తెరుచుకునేది ఒకటుంది. పెద్దరకం లెన్సులన్నిటిలోకీ చవక. ముందు దాన్ని తీయమన్నాను. కొట్టాయన నన్ను రెండోసారి చూశాడు.

కొత్త ఎస్ఎల్ఆర్‌లలో అన్నిటికంటే చవకైనది తెచ్చి దానికి ఈ లెన్సు తగిలించాడు. మీట సగం నొక్కాను. లెన్సు కదల్లేదు.

"ఇందులో మోటారు లేదు దాదు. బొమ్మ స్పష్టంగా కుదరాలంటే ఈ లెన్సుని చేత్తో తిప్పుకోవాలి" అన్నాడు.

"ఆ సంగతి డబ్బా మీద ఎక్కడుంది?"

"ఉండదు."

మొదటిసారి కొనేవాళ్ళు ఇక్కడే పడిపోతారు, అందుకని వివరంగా రాస్తున్నాను. కొన్ని లెన్సుల్లో మోటారు లెన్సులోనే ఉంటుంది, వాటి ధర ఎక్కువ. చవక లెన్సుకి మోటారు కెమెరాలో ఉండాలి. చవక కెమెరాలోంచి దాన్ని తీసేశారు. చవకదీ చవకదీ కలిపితే పనిచేయదన్నమాట. బీదవాడు కొనే చోటే ఇలాంటి మడత ఎందుకు పెడతారని గట్టిగానే అడిగాను. కెమెరా చేసింది తను కాదన్నాడు కొట్టాయన. అదీ నిజమే.

చివరికి బీరువాలోంచి ఒక పాత మోడల్ తీశాడు. ఎవరో పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ వాడి అమ్మింది. బరువు. ఆరే మెగాపిక్సెల్. మోటారుంది. లెన్సు తగిలించి నొక్కితే కిర్రుమని తిరిగి నిలిచింది. తెల్ల కాగితాన్ని ఫొటో తీసి లోపల దుమ్ము ఉందేమో చూశాను, ఒక మూల కొంచెం ఉంది. ఫరవాలేదు.

"మీ ట్యూబులైటు ఆర్పండి" అన్నాను.

"కొట్లోనా?"

"ఆర్పండి."

ఆర్పాడు. వెనక గదిలోంచి వచ్చే వెలుతురులో ఆయన ముఖమే తీశాను. తెర మీద ఆయన కళ్ళ కింద ముడతలతో సహా స్పష్టంగా వచ్చింది. ఆయన చాలాసేపు చూసుకున్నాడు.

"నేనింత ముసలాణ్ణయిపోయానా?"

"కెమెరా బాగానే పనిచేస్తోంది" అన్నాను.

కొత్తదాని ధరలో సగం కంటే కాస్త ఎక్కువకి లెన్సు, చార్జరు, కార్డుతో సహా ఇచ్చాడు. బిల్లు రాయించుకోండి, సిగ్గుపడకండి. తిరుగు ట్రాములో సంచి పొట్టకి కట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న బెంగాలీ పెద్దావిడ బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారేమని అడిగింది. అవునన్నాను.

ఆ సాయంత్రం రిక్షాలో మైకు పెట్టి మర్నాడు బంద్ అని చెప్పుకుంటూ వెళ్ళారు. బంద్‌కి పిలుపు ఎవరిచ్చారని ఈ ఊళ్ళో ఎవరూ అడగరు, ఎన్ని గంటలని మాత్రం అడుగుతారు. ఎర్రజెండా పాలన మొదలైన రోజులూ చూశాను, ఈ రోజులూ చూస్తున్నాను, బంద్ మాత్రం మారలేదు. నాకు ఒక పగలు వృథా అని విసుక్కుంటూ పడుకున్నాను.

పొద్దున్న లేచేసరికి ఇంట్లో ఎండ ఉంది. బంద్ కదా, లారీలు రాలేదు. సందు మొదట్లోంచి ఎండ తిన్నగా వచ్చి అప్ప గుమ్మంలో పడింది. నడిరోడ్డు మీద మగవాళ్ళు చాప వేసి పేకాడుతున్నారు. అప్ప బియ్యం చేట ముందేసుకుని ఎండకి వీపు పెట్టి కూర్చుంది. నేను కెమెరా తీసి ఎదురుగా చతికిలబడ్డాను.

"దాన్ని అవతలెట్టు" అంది అప్ప, చూడకుండానే.

"ఒక్కటే."

"నానింకా పోనేదు గదరా. ఫొటో ఏటికి?"

"పోలేదు కాబట్టే. పోయాక నీ ముఖానికి ఎవడి కళ్ళో అంటిస్తారు."

"అంటించనీ. నాను సూస్తానేటి?"

ఇక దాచి లాభం లేదని చెప్పేశాను. "నాకు అమ్మ ముఖం గుర్తులేదప్పా. నీది అమ్మ ముఖం. నాకది కావాలి."

ఆమె చేతులు బియ్యంలో ఆగాయి. "ఎవులు సెప్పినారు నాది అమ్మ మొకమని?"

"పెదనాన్న."

అప్ప పెద్దగా నవ్వింది. పేకాడుతున్నవాళ్ళు తలతిప్పి చూశారు. "పెదనాన్నా? బావగారి ఎదట అమ్మ ఏనాడైనా నిలబడిందేటి? ఆయన దగ్గు ఇనబడితే సాలు, పెరట్లోకి ఎలిపోయీది. అన్నం కూడా నాసేత పంపీది. ఆయన సూసింది అమ్మ వీపు. మొకం ఎప్పుడు సూసినాడు?"

ఇంతకాలం ఆ మాట పట్టుకుని బతికాను. బావగారి ముందు మరదలు నిలబడదని మా వాళ్ళలో చిన్నపిల్లలకీ తెలుసు. నాకూ తెలుసు. ఆ రెండూ నా బుర్రలో ఒక్కసారీ కలవలేదు.

"నాది నాన్న మొకం. అమ్మది నీకొచ్చింది. మీసాలు పెంచి దాన్ని మూసీసినావు" అంది. చెయ్యి చాపింది. "ఇలా తే దాన్ని. ఎక్కడ నొక్కాల?"

చూపించాను. బరువని తిట్టింది. మొదటిదాంట్లో తలుపు గొళ్ళెం వచ్చింది, రెండోదాంట్లో నా చెవి. కెమెరా పట్టీ మెడలో వేసి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించమన్నాను.

"కోపంగా సూడకు. అమ్మకి కోపం నేదు" అంది లెన్సు వెనకనుంచి. మళ్ళీ, "కాదులే. అలాగే ఉండు. అలాగే ఉండీది" అంది.

నొక్కింది. పైటకొంగు తెరకి అడ్డం పెట్టుకుని చూసింది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. కోడలు వచ్చి ఏమిటత్తమ్మా అంటే, పొమ్మని చెయ్యి ఊపింది. ఆమె ఎనిమిది పదుల మనిషి. చూస్తున్నది తన కంటే చాలా చిన్న మనిషిని, పడుచుగానే పోయిన అమ్మనని నాకు అర్థమైంది. నాకు మా అమ్మ లేదని నేను ఇన్నేళ్ళూ ఏడ్చుకున్నాను. గుర్తు లేనివాడికి లేనిది ఒక్క ముఖమే. అప్పకి ఆ ముఖం గుర్తుంది, చూసుకోవడానికే ఎక్కడా లేదు.

"ఇది కాయితం మీద ఎయ్యించు. గోడకెక్కించీకు. నా పెట్లో ఎట్టుకుంతాను" అంది.

మర్నాడు కొట్లు తెరిచాక ఖిదిర్‌పూర్ ల్యాబ్‌లో ప్రింటు వేయించి తెచ్చాను. చీరల అడుగున పెట్టేసుకుంది. ఇప్పుడు నిన్ను ఒకటి తీయనా అంటే పైట ముఖం మీదికి లాక్కుని లోపలినుంచి నవ్వింది. లారీలు కూడా వచ్చేశాయి. బలవంతం చేయలేదు.

ఆ తర్వాతి ఉదయం ఏడు దాటాక హౌరాలో బండెక్కాను. ఈసారి కిటికీ సీటే దొరికింది. బాలాసోర్‌లో ఇడ్లీ కొన్నాను, తినకపోయినా నష్టం లేదు. నా వెనక వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే: డబ్బు ముందు లెన్సు మీద పెట్టండి, పాత కెమెరా అయినా మోటారు చూసుకోండి, చీకట్లో పరీక్షించి కొనండి. తీయవలసిన మనిషికి ముందుగా ఉత్తరం ముక్క రాసి ఒప్పించుకోండి. నేను ఆ పని చేయలేదు. కలకత్తాలో నేను పోగొట్టుకున్నదేదీ లేదు, తెచ్చుకున్నదేమిటో మాత్రం ఇంకా తేలలేదు.

ఎదుటి సీటులో పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన, "కొత్త కెమెరాయా? ఏం తీశారు? హౌరా బ్రిడ్జీయా, విక్టోరియాయా?" అని అడిగాడు.

"ఒక ముఖం."

చూపించాను. "మీదేగా" అన్నాడు, అంత దూరం వెళ్ళి ఇదా అన్నట్టు. కళ్ళు మూసుకున్నాడు.

ఆయన కునుకులో పడ్డాక ఆ ఫొటో మళ్ళీ తెరిచాను. తెర మీద మీసాన్ని బొటనవేలితో కప్పాను. నుదురు, కనుబొమలు, ముక్కు, గడ్డం మిగిలాయి. వీటిలో అమ్మది ఏదో అప్పని అడగవలసింది. తోచలేదు. అప్ప ఇందులో చూసిన మనిషి నాకు కనిపించలేదు. బ్యాటరీ ఆదా కోసం తెర దానంతట అదే ఆరిపోయింది. చిలకా సరస్సు వచ్చిందని బోగీలో అందరూ కిటికీల వైపు జరిగారు. నేను మీట నొక్కి తెర వెలిగించి, వేలు మళ్ళీ మీసం మీద పెట్టాను.