ఫీజు తిరిగి రాదు

కొత్తకోట బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం చూస్తుంటే, పక్కనున్న ఆమె తన ఫోన్ నా చేతికిచ్చింది. "జర సదివి చెప్పుండ్రి మేడం. ఇంగ్లీషు తెల్వదు."

వాళ్లక్క దుబాయిలో ఇళ్లలో పనిచేస్తూ, పక్షవాతం వచ్చి దవాఖానలో పడిందట. చూసుకునేవాళ్లు లేరు. ఈమె వెళ్దామని టికెట్ కొంటే, అమ్మిన విమాన కంపెనీయే ఫీజు తీసుకుని ఆన్‌లైన్ వీసా కూడా ఇప్పిస్తామంది. ఇప్పుడొచ్చిన మెసేజ్ చదివాను. ఫోటో సరిగా లేక వీసా రాలేదు. కట్టిన ఫీజు తిరిగి రాదు. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలంటే మళ్లీ కట్టాలి.

"ఈసారీ రాకపోతే అదీ పోతుందమ్మా" అన్నాను.

"పోతె పోనీ మేడం. నేను వీసా అడుగుతనే ఉన్న అని అక్కకైతె తెలుస్తది గద."

వీసా ఫోటోలో వెనక తెల్లగా ఉండాలని, నా సంచిలోని తెల్ల దుప్పటిని బస్సు కోసం చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఆమె వెనక పట్టుకున్నారు. కళ్లు తుడుచుకుని నిలబడింది. ఫోటో తీసి పంపాను. ఫీజు కట్టి, నా నంబరు తీసుకుంది.

కొన్నాళ్లకు ఫోన్ చేసింది. "వీసా వచ్చింది. ఎయిర్‌పోర్టుల ఉన్న. విమానం ఎన్నడు ఎక్కలే, బుగులైతుంది. జర ఏమన్న చెప్పక్కా."

నేనూ ఎన్నడూ ఎక్కలేదు. అయినా ఆమె విమానంలో కూర్చునేదాకా ఫోన్ పెట్టకుండా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను.