రేవులో రెండు టీవీలు

సఖినేటిపల్లి రేవులో, గోదావరి దాటించే పంటు ఆగేచోట, రెండు టీ దుకాణాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాంట్లో ఒక పార్టీ టీవీ, రెండోదాంట్లో ఇంకో పార్టీ టీవీ. కొబ్బరికాయల వ్యాపారం చేసే మా అన్నయ్య కూర్చునేది ప్రతిపక్షం టీవీ ఉన్న దుకాణంలో. అక్కడ టీ పల్చగా ఉంటుందని తనే అనేవాడు. అయినా రోడ్డు దాటి ఎదుటి దుకాణానికి వెళ్ళింది లేదు.

కరోనా టీకా వచ్చిన కొత్తలో ఎదుటి టీవీ దాన్ని ప్రభుత్వ ఘనతగా చూపించింది. అన్నయ్య చూసే టీవీ, టీకా వేయించుకున్నవాళ్ళలో ఎవరు పడిపోయినా కారణం తెలియకముందే ఎర్రటి అక్షరాల్లో వేసేది. అసలు టీకా గురించి రెండూ చెప్పింది తక్కువే.

మా ఊరి బడిలో టీకాలు వేసిన రోజు గేటుకి నాయకుడి బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. అన్నయ్య లారీకి కాయలు ఎత్తిస్తుంటే ఎదుటి దుకాణం ఆయన ఒకరు సైకిల్ ఆపారు.

"రండి బావగారూ. సూది గుచ్చేటప్పుడు పార్టీ అడగరంట లెండి."

"అడక్కపోయినా ఫోటో తీస్తారు కదండీ. రేపు మీ టీవీలో నా జబ్బ చూపిస్తారు."

అందరూ నవ్వారు. అన్నయ్య వెళ్ళలేదు. ఇంటికొచ్చాక, ఒక పెద్ద డాక్టరు టీకా మంచిదని చెప్పాడన్నాను.

"ఏ టీవీలో చెప్పేడ్రా?"

ఎదుటి దుకాణం టీవీ పేరు చెప్పాను. "అయితే సరే," అని తువ్వాలు దులుపుకుని లేచాడు.

రెండో విడత కరోనాలో అమలాపురం ఆసుపత్రిలో పోయాడు. టీకా వేయించుకుంటే బతికేవాడా అన్నది నాకు తెలియదు.

కర్మకాండ అయ్యాక కూడా వదిన వార్తల వేళకి ఆ టీవీయే పెట్టేది. ఒక సాయంత్రం, అప్పట్లో ఆ ఎర్రక్షరాల వార్తలు చదివినాయనే, అదే గొంతుతో, జనానికి టీకాలు ఎందుకివ్వరని ప్రభుత్వాన్ని నిలదీస్తున్నాడు. వదిన చింతపండులో గింజలు తీయడం ఆపింది.

"మొన్న భయపెట్టింది ఈయనే కదండీ, మరిదిగారూ?"

"ఆయ్, ఈయనే."

"మరి మీ అన్నయ్యగారికి ఎవరు చెప్తారండి?"

వదినకి షుగరు. ఇప్పుడైనా టీకా వేయించుకోమని బతిమాలాను.

"నేనెళ్ళి ఆ బడిలో నిలబడితే ఆయనదే తప్పని ఊరందరికీ చెప్పినట్టేనండి. ఆ మాట నాచేత అనిపించకండి."

మా వైపు భర్త పోయినామెని దగ్గరివాళ్ళు తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి నిద్ర చేయిస్తారు. ఆ తర్వాతే ఆమె నలుగురిలోకి వస్తుంది. వదిన అక్కగారిది అవతలి ఒడ్డున నర్సాపురం. తోడు నేను వెళ్ళాను. పంటు సగం దాటాక వదిన నీళ్ళ వైపు చూస్తూ అడిగింది.

"అవతల కూడా వేస్తున్నారాండీ?"

"వేస్తున్నారు."

"అక్కడ మనల్నెవరూ ఎరగరు కదా."

నిద్ర చేసిన మర్నాడు అక్కడ టీకాలు వేసేచోటికి వెళ్ళాం. ఫ్లెక్సీ అక్కడా ఉంది. వదిన తల వంచుకుని దాని కింద నుంచి లోపలికి వెళ్ళింది. టీకా వేశాక కాసేపు కూర్చోమన్నారు. నొప్పిగా ఉందా అని అడిగాను.

"ఇంతేనాండీ?" అంది.

ఆ సాయంత్రం తిరిగొచ్చి పంటు దిగగానే అన్నయ్య కూర్చునే దుకాణం నుంచి ఆయన స్నేహితుడు ఎదురొచ్చారు.

"నిద్ర అయ్యిందా చెల్లెమ్మా? చూస్తున్నారా ఈళ్ళ అన్యాయం? మన పార్టీ వాళ్ళకి టీకాలివ్వట్లేదంట. మావాణ్ణీ అలాగే చంపేసేరు. పాపం, టీకా కోసం ఎంత తిరిగేడో."

ఆయన అబద్ధమాడుతున్నట్టు లేదు. కళ్ళు తడిగానే ఉన్నాయి. వెనక టీవీ మోగుతోంది.

వదిన కొంగు జబ్బ మీదికి లాక్కుంది. ఇంటి వైపు రెండడుగులు వేసి ఆగింది.

"ఆయన తిరగలేదండి, అన్నయ్యగారూ. రమ్మన్నారు. ఆయనే వెళ్ళలేదు."

ఆయన ఎదుటి దుకాణం వైపు చూసి గొంతు తగ్గించారు.

"అలా అనకమ్మా. ఆళ్ళు వింటారు."