ఓడినవాడి గ్లౌజులు ముందు

మా మాస్టారు పోయారని నాకు ఒక ఫ్లెక్సీ చెప్పింది. షిఫ్టు దిగి, షేర్ ఆటోలో పొద్దున్నే గాజువాక జంక్షన్‌కి వచ్చేసరికి కరెంటు స్తంభానికి కట్టేసి ఉంది. ‘విశాఖ ముద్దుబిడ్డకు అశ్రునివాళి’ అట. చేతులు జోడించి నవ్వుతున్న బాక్సింగ్ సంఘం పెద్ద బొమ్మ నిలువెత్తున ఉంది. మాస్టారి బొమ్మ మాత్రం ఓ మూల, గుండ్రంగా, అరచేతిలో పట్టేంత. నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మనిషి ఒళ్లు ఇంకా చల్లబడిందో లేదో, ఫ్లెక్సీ మీద రంగు మాత్రం ఆరిపోయింది.

ఆ గుండ్రంలో ఉన్నదెవరో ఈ తరంలో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. జాలరి ఇంట్లో పుట్టి, తెప్ప లాగిన భుజాలతో రింగులోకి దిగి, అమెచ్యూర్‌గా జాతీయ ఛాంపియన్ అయ్యారు. తర్వాత ప్రొఫెషనల్‌గా ఆడి, అక్కడా బెల్టు గెలిచారు. నేను ఎరిగేనాటికి పొద్దున హార్బర్‌లో వలలు బాగుచేసేవారు. సాయంత్రం జాలరిపేట ఒడ్డున రేకుల షెడ్డులో మాకు బాక్సింగ్ నేర్పేవారు. చిరిగిన వలలో పాతగుడ్డలు కూరి వేలాడదీస్తే అదే మా పంచింగ్ బ్యాగు. కొట్టిన ప్రతిసారీ చేపల కంపు మొహాన కొట్టేది. ముక్కు మూసుకుంటే నవ్వేవారు. “ఈ కంపుకి తట్టుకున్నోడు ఏ గుద్దుకైనా తట్టుకుంతాడ్రా గుంటడా!”

ఆ షెడ్డులో ఒక కట్టడి ఉండేది. ఇంకెక్కడా నేను చూడలేదు. లేసుల గ్లౌజులు రెండు చేతులకీ కట్టేశాక ఎవరివి వాళ్లు ఇప్పుకోలేరు. నీళ్ల సీసా మూత కూడా తీసుకోలేరు. అందుకని ఆట అయిపోగానే గెలిచినవాడు ఓడినవాడి గ్లౌజులు ఇప్పాలి. తన సంబరం ఆ తర్వాతే.

నా మొదటి ఆటలో నేను చిత్తుగా ఓడిపోయాను. నన్ను కొట్టినవాడు, ఇప్పుడు నాతోపాటే వెల్డింగ్ చేస్తున్న మా బావ, చేతులెత్తి షెడ్డంతా ఊరేగుతున్నాడు.

“అయిందేట్రా నీ ఊరేగింపు?” అన్నారు మాస్టారు.

“గెల్సేను కద మాస్టారూ!”

“గెల్సేవు. ఆడి ముక్కంట రగతం కారతంది, తుడుసుకోడానికి సేతుల్లేవు. అది సూణ్నేదేటి? ఎల్లు. ముందు ఆడివి ఇప్పు.”

ముడి కూడా ఆయన నేర్పినదే. వలలవాళ్ల ముడి, ఎంత గుంజినా జారదు, కొస పట్టి లాగితే ఊడివస్తుంది. ఎవడైనా పీటముడి వేసి, విప్పలేక బ్లేడు తీస్తే ఆయనకి ఒళ్లు మండేది. “ముడేసినోడికి ఇప్పడం తెలవాల. తాడు కోసీవోడు సంద్రానికీ పనికిరాడు, ఆటకీ పనికిరాడు.”

ఆయన ప్రొఫెషనల్‌గా మారినప్పుడు, ‘డబ్బుకి కొట్టుకునేవాడు ఆటగాడు కాడు’ అన్నది ఈ సంఘమే. బెల్టుతో తిరిగివచ్చి, పిల్లలకి నేర్పుతానంటే స్టేడియం గేటు తియ్యలేదు. క్రీడాకారుల కోటాలో ఉద్యోగానికి వాళ్ల సిఫార్సు కావాలంటే ఇవ్వలేదు. ఒకసారి నేను ఆ సంగతి ఎత్తి వాళ్లని తిడుతుంటే, వల మీంచి తల ఎత్తకుండా అన్నారు: “ఆళ్లు ఆట అయిపోనాదని గంట కొట్టీసేరు. నాను ఇంకా ఆడతన్నాను. అంతే.” నాకు ఆ ఓర్పు లేదు. ఆ ఓర్పు నాకు నచ్చనూ లేదు. దాన్ని ఆసరా చేసుకునే ఆ సంఘంవాళ్లు ఇన్నాళ్లూ పెద్దమనుషులుగా చెలామణీ అయ్యారు.

ఆ పొద్దున నేను జాలరిపేట వెళ్లేసరికి మాస్టారిని పాడె మీద పడుకోబెట్టారు. సంఘం పెద్ద ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ధర చీటీ కూడా పీకని కొత్త ఎర్ర గ్లౌజులు మాస్టారి చేతులకి తొడిగించి, లేసులు పీటముళ్లు బిగించాడు. ఆ చేతులు గుండెల మీద పెట్టించి, పక్కన నిలబడి ఫోటోలు తీయించుకున్నాడు. “బాక్సర్ కదా, ఇలాగే సాగనంపుదాం” అన్నాడు. జనం తలలూపారు.

నేను పాడె పక్కన కూలబడి ముడి పట్టుకున్నాను.

“ఏం చేస్తున్నావు బాబూ?” అన్నాడు సంఘం పెద్ద.

“ఇప్పుతన్నాను.”

“గౌరవం కోసం పెట్టామయ్యా. ఛాంపియన్‌ని ఒట్టి చేతులతో పంపుతామా?”

“బతికున్నన్నాళ్లూ గేటు తియ్యనేదు. సచ్చేక సేతులు కట్టీసి గౌరవమంతావేటి?”

ఎవడో నా కాలరు పట్టుకుని వెనక్కి గుంజాడు. అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న మాస్టారి భార్య లేచారు. మేమంతా అమ్మా అని పిలుస్తాం.

“ఒగ్గీండి ఆడిని” అన్నారు.

మా బావ జనాన్ని తోసుకొచ్చి బ్లేడు అందించాడు. “ఇందా బావా, కోసెయ్.”

“బ్లేడెందుకురా?” అన్నారు అమ్మ. “మీ మాస్టారు ఏనాడైనా కొయ్యనిచ్చేరేటి?”

వాడు సిగ్గుపడి బ్లేడు జేబులో పెట్టుకున్నాడు. కుడిచెయ్యి నేను, ఎడమచెయ్యి వాడు. గోళ్లతో రాకపోతే పళ్లతో లాగాం. కొత్త తోలు చేదుగా ఉంది. మేమింకా లాగుతుండగానే సంఘం పెద్ద గడియారం చూసుకుని కారెక్కాడు. ఫోటో అయిపోయింది, ఇంకేం పని?

రెండు ముళ్లూ ఊడాయి. ఒక్క లేసూ తెగలేదు. లోపల్నుంచి మాస్టారి చేతులు బయటికొచ్చాయి. వాచి గట్టిపడిన కణుపులు, నూలు ఒరుసుకుని కాయకట్టిన చూపుడువేలు. ఎర్ర గ్లౌజులు ఇసకలో పడేసి పాడె ఎత్తాం.

నడుస్తుంటే కుదుపుకి కుడిచెయ్యి గుండెల మీంచి జారి బయటికి వేలాడింది. సర్దబోతే అమ్మ వద్దన్నట్టు చూశారు. దారి పొడుగునా కర్రల మీద వలలు ఆరేసి ఉన్నాయి. తెరుచుకున్న ఆ వేళ్లు ఒక్కొక్క వలనీ తాకుతూ వెళ్లాయి, చిరుగు ఎక్కడుందో వెతుకుతున్నట్టు.