పాదాల గదిలో పెద్ద డాక్టరమ్మ

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు వేసవిలో, చిత్తూరు జిల్లాలోని ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుగా చేరాను. నర్సులకూ ఆయాలకూ డ్యూటీలు వేయడం నా బాధ్యత. నా పైన, ఆసుపత్రి మొత్తానికి పెద్ద, మెడికల్ సూపరింటెండెంటు డాక్టర్ సుగుణ గారు.

షుగరు వల్ల కాళ్లకు పుండ్లు పడిన రైతులు మా దగ్గరకు ఎక్కువగా వచ్చేవారు. స్పర్శ పోయిన పాదానికి ముల్లు దిగినా తెలియదు. అందుకే కట్టు కట్టే ముందు పాదాన్ని గోరువెచ్చని నీళ్లతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, అరికాలు పరిశీలించాలి. ఆ కడిగే పని ఎవరిదన్నదే తగువు. కట్టు కట్టడం వరకే తమదని నర్సులు, పుండు ముట్టుకోవడం తమ పని కాదని ఆయాలు. మధ్యలో పాదాలు సరిగా చూసేవాళ్లు లేకుండా పోయారు.

ఆ పని ఎవరిదో తేలుస్తూ నేను ఒక ఉత్తర్వు రాసి డాక్టరమ్మ సంతకానికి తీసుకెళ్లాను. ఆమె చదివి పక్కన పెట్టారు. మర్నాడు డ్రెస్సింగ్ గదిలో ఒక బేసిను, ఒక పొట్టి పీట పెట్టించమన్నారు.

ఆ ఉదయం మొదట వచ్చినవారు మునిరత్నం నాయుడు గారు. కార్వేటినగరం దగ్గర మామిడి రైతు. కాలు తీసేయాల్సి వస్తుందని ఎవరో చెప్పగా విని, భయంతో వచ్చారు. డాక్టరమ్మ పీట మీద కూర్చుని పాదం పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నారు.

"నా కాళ్లు నువ్వు పట్టుకొనేదేందమ్మా? లెయ్యి పైకి. నాకు పాపం సుట్టుకుంటాది."

"మా నాయన కూడా ఇట్నే లాక్కొనేవాడు," అన్నారామె. "ముందే చూడనిచ్చి ఉంటే ఆయన కాలు నిలిచేది."

నాయుడు గారు కాసేపు ఆమె ముఖంలోకి చూసి, కాలు చాపారు. చిటికెన వేలి మొదట్లో, గట్టిపడిన చర్మం కింద ముల్లు బయటపడింది.

"ఈడ ముల్లుండాదని నాకు తెలీనే లేదు," అన్నారాయన.

గుమ్మంలో నిలబడి చూస్తున్న స్టాఫ్ నర్సు మేరీ ముందుకొచ్చి, తాను కడుగుతానని, మేడమ్‌ను లేవమని అంది.

"ఇంకో పీట తెచ్చుకో మేరీ. బయట శానామంది ఉండారు," అన్నారు డాక్టరమ్మ. ఆమె లేవలేదు.

నాయుడు గారికి చిటికెన వేలు పోయింది, కాలు దక్కింది. మరుసటి మామిడి కాపుకు చెప్పులు వేసుకుని నడిచి వచ్చారు. వెంట తమ ఊరివాళ్లు ఇద్దరు. "సిగ్గుపడొద్దబ్బా, సూడనీ," అని వాళ్లకు ఆయనే చెప్పారు.

యేసు ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి చిన్నప్పటి నుంచి గుడ్ ఫ్రైడే ముందు రోజు చర్చిలో వింటూ వచ్చాను. అది పెద్దరికం గురించిన పాఠమని ఆ గదిలో అర్థమైంది. డాక్టరమ్మ మాత్రం ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. పదవిలో ఉన్నవారు తమ చేత్తో చేసిన పనిని, అక్కడ మరెవరూ చిన్నదనరు. నేను రిటైరయ్యేదాకా, కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ మొదటి డ్యూటీ, మేము పాదాల గది అని పిలుచుకునే ఆ డ్రెస్సింగ్ గదిలోనే వేశాను. ఆ మొదటి రోజు ఆ కొత్త నర్సు పక్కన కూర్చుని నేనూ కడిగేదాన్ని.