సరస్సు గీసిన చోట

మట్టితో మనిషిని చేసి, ఆ మట్టి మీదే నిలువనీడ ఇచ్చిన దేవునికి స్తోత్రం.

ఇనుప గనులు జోరుగా నడిచే రోజుల్లో, దంతెవాడ స్టేషన్‌లో కిరండూల్ బండి కోసం కూర్చున్నాను. పక్కన ఇస్త్రీ చొక్కా ఇంజనీరొకడు మూతబడ్డ పాత ఖనిజం యార్డులో కట్టబోయే కాలనీ నక్షా పరిచి గొప్పలు పోతున్నాడు. కింద దుకాణాలు, పైన ఇళ్లు, సైకిళ్లకు బాట, మా సంఘానికి ప్రార్థనాలయం కూడానట. నేను మురిసిపోయాను.

ఆ యార్డులోనే తట్టలు మోసిన ముసలమ్మ ఒకామె వంగి చూసింది. "యార్డు పక్కనున్న మా బస్తీ ఏటైపోనాది బాబూ?"

"అక్కడ సరస్సు వస్తుందమ్మా. పర్యావరణానికి మంచిది."

ఆమె తన సీసాలోని నీళ్లు గ్లాసులో పోసి నక్షా మీద పెట్టింది. చూస్తుండగానే అడుగున ఎర్రమట్టి పేరుకుంది.

"మా కుళాయి నీరు. తేరేక పైది తాగుతాం. ఓ గుక్క తాగు బాబూ, ఆనక సరస్సు తవ్వుదువు గాని."

ఆ పెద్దమనిషి గ్లాసును వేలితో నెట్టేసి, నక్షాకు అంటిన తడిని రుమాలుతో తుడిచాడు. మనుషుల దాహం పట్టనివాడికి కాగితం తడిస్తే ఎంత బాధ! ప్రార్థనాలయం ఆశతో నోరు మెదపని నేను అతనికంటే హీనుణ్ణి.

ఆమె ఇల్లు నిలవాలని, దాన్ని కూల్చే పథకంలో వచ్చే ప్రార్థనాలయం మాకు వద్దని, నాతో కలిసి ప్రార్థించండి.