ఒటేమా ఒప్పుకోలు

మా తమ్ముడు ఒటేమా గులు పట్నం బజారులో సైకిళ్ళు బాగుచేసేవాడు. ఇంట్లో కోడిని కోస్తుంటే గుడిసె వెనక్కి తప్పుకునే రకం. అలాంటివాడికి హత్యకేసులో యావజ్జీవం వేశారు.

పొరుగు వంశం కుర్రాడు ఓలాన్యా పొదల్లో చచ్చిపడి ఉంటే మొదట చూసింది మావాడే. మా అచోలీ తెగవాళ్ళు శవం కనబడితే ఆకులు కప్పకుండా దాటిపోరు. వాడు కొమ్మలు విరిచి కప్పాడు. చొక్కాకి నెత్తురంటింది. శవాన్ని దాచాడన్నారు పోలీసులు, కానీ అప్పటికి పట్టుకెళ్ళలేదు. ముందురోజు ఇద్దరూ గొడవపడ్డారని ఎవరో మహానుభావుడు చెప్పనే చెప్పాడు.

అదే రోజు ఓలాన్యా వాళ్ళు ఈటెలతో మా వాకిట్లోకి వచ్చారు. మా ఆచారం ఒకటుంది: తప్పు ఒప్పుకునేవాడుంటేనే రెండు వంశాలూ కలిసి కూర్చుని చేదు వేరు రసం తాగుతాయి, పగ చల్లారుతుంది.

"ఒప్పుకోరా నాయనా," అన్నాడు మా బాబాయి ఒడోకి. "పిల్లలు బతుకుతారు. పెద్దల ముందు చెప్పే మాటేగా, కోర్టులోనా ఏమన్నానా!"

ఒటేమా ఒప్పుకున్నాడు. రసం తాగారు. ఆ పెద్దల్లోనే ఒకడు వెళ్ళి పోలీసులకి చెప్పాడు, వాడి నోరు పడిపోను! స్టేషన్‌లో ఒళ్ళు హూనం చేసి అదే మాట మళ్ళీ చెప్పించారు. జడ్జిగారికి ఇంకేం కావాలి?

అప్పీలు వేసిన లాయరు కెమిగీషా పడమటి జిల్లాల పిల్ల.

"చెయ్యని హత్య ఒప్పుకున్నాడా? ఎందుకమ్మా?"

"మీ ఊళ్ళో పగలుండవా తల్లీ?" అన్నాను, ఒళ్ళు మండి.

"ఉంటాయి. కానీ జడ్జిలు మీ మాట నమ్మరు. ఒప్పుకోమన్న మనిషే ప్రమాణం చేసి చెప్పాలి."

బాబాయి కాళ్ళమీద పడ్డాను. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"నేనది చెబితే అబద్ధం మీద రసం తాగినట్టే కదే! మళ్ళీ ఈటెలు లేస్తాయి. ఒక్కడి కోసం ఎంతమందిని చంపుకుందాం?"

"ఆ ఒక్కడూ మనిషి కాడా? అప్పుడు నీ కొడుకునెందుకు ఒప్పుకోమనలేదు?"

ఆయన భయం నిజమేనని నాకూ తెలుసు. రాత్రుళ్ళు కుక్క మొరిగినా ఉలిక్కిపడేదాన్ని. అయినా వదల్లేదు. చివరికి బాబాయి ప్రమాణపత్రం మీద వేలిముద్ర వేశాడు.

తీర్పు రోజున ముగ్గురు జడ్జిలు కూర్చున్నారు. బోనులో ఒటేమా ఎముకల గూడులా ఉన్నాడు. శవానికి ఆకులు కప్పడం దాచడం కాదన్నారు. ఒప్పుకోళ్ళు రెండూ చెల్లవన్నారు. మిగిలిన ఆధారాలతో ఒక మనిషిని హంతకుడనలేమన్నారు. విడుదల! నేను బెంచీ మీదే కూలబడి ఏడ్చాను.

బయటికి రాగానే ఓలాన్యా తల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను పలకరించడం అదే మొదలు.

"మరి నా బిడ్డనెవరు చంపారే?"

చెయ్యి వదలకుండానే మళ్ళీ అంది:

"మీవాడు చంపలేదని నాకు నమ్మకం కుదిరింది. నా కొడుకులకి కుదరలేదు. రసం పేరుతో మోసం చేశారని ఈటెలు నూరుతున్నారు. ఇప్పటికే ఒకణ్ణి పోగొట్టుకున్నాను, మిగిలినవాళ్ళని హంతకుల్ని చెయ్యకు తల్లీ. వాణ్ణి ఇంటికి తీసుకురాకు."

అంతలో ఒటేమా మెట్లు దిగి వచ్చాడు.

"పద అక్కా, ఇంటికెళ్దాం," అన్నాడు నవ్వుతూ.

వాడి చెయ్యి పట్టుకుని, మా ఊరి బస్సు వదిలేసి, రాజధాని కంపాలా బస్సు ఎక్కించాను.