అమ్మ పుట్టింటివారి ఇంటిపేరు

కాలేజీలో చదివే రోజుల్లో మొదటిసారి మెయిల్ తెరిచాను. పాస్‌వర్డ్ మరిచిపోతే పనికొస్తుందని ఒక రహస్య ప్రశ్న ఎంచుకోమంది. నాలుగైదు ప్రశ్నల్లో నాకు నచ్చినది, "మీ తల్లి పుట్టింటివారి ఇంటిపేరు ఏది?" ఠక్కున జవాబు కొట్టేసి, ఇక నా పెట్టె నాదే అని మురిసిపోయాను.

ఆ ప్రశ్న రాసిన మహానుభావుడి దేశంలో అది రహస్యమే కాబోలు. మా బరంపురం తెలుగువాళ్ళలో పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాఫీ అందుకోకముందే అడిగేది అదే. నా విషయంలో ఇంకా అన్యాయం. నేను మేనమామ కొడుకుని చేసుకున్నాను. అంటే అమ్మ పుట్టిల్లే నా అత్తిల్లు. నేను గుట్టుగా దాచుకున్న జవాబు గోసాని నువాగాం పేటలో మా గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద చెక్కి ఉంది. పోస్టుమ్యాన్ రోజూ చదువుకుంటాడు.

ఈ సంగతి నాకు తట్టలేదు. మా పెద్దబావకు తట్టింది. ఆయన మా ఆయన అన్నగారు. పట్టుచీరల దుకాణం. చిన్నప్పుడు నా జడ లాగి ఏడిపించిన మనిషే. చెయ్యి పెద్దది, మనసు పెద్దది, నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. ఒకసారి అందరం విశాఖపట్నం వెళ్ళాలి, టికెట్లు నా మెయిల్‌కి వచ్చాయి, నేను ఆఫీసులో మీటింగులో ఉండి ఫోను ఎత్తలేదు. ఆయన దుకాణంలోని కంప్యూటర్ ముందు కూర్చుని, పాస్‌వర్డ్ మరిచిపోయాను అని నొక్కాడట.

"మీ అమ్మ ఇంటిపేరేటని అడిగిందమ్మా. నా ఇంటిపేరు నన్నే అడుగుతాదేటి!" అని రాత్రి భోజనాల దగ్గర చెప్పి పగలబడి నవ్వాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. కొత్త పాస్‌వర్డ్ ఆయనే పెట్టాడు, దుకాణం పేరు. నా మెయిల్ ఆ కంప్యూటర్లో అలా తెరిచే ఉండిపోయింది.

పెళ్ళయి చాలా ఏళ్ళైనా మాకు పిల్లలు లేరు. మేనరికం కదా అని డాక్టరమ్మ నాలుగు పరీక్షలు ఎక్కువే రాసేది. సూదులు, మందులు, ఎదురుచూపులు. చివరికి ఒకరోజు రక్తపరీక్ష చేసి, రిపోర్టు మెయిల్‌లో పంపుతామన్నారు. ఆరోజు ఆఫీసులో పని తెమలక నేను మెయిల్ చూసుకోలేదు. సాయంత్రం వీధి మొగలో ఆటో దిగాను. ఎదురింటి ఒడియా ఆవిడ గబగబా వచ్చి, "ఖుసి ఖబర సుణిలి!" అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఏ శుభవార్త విన్నదో నాకు అర్థం కాలేదు. ఇంట్లోకి వెళ్ళేసరికి ఖాళీ మిఠాయి పెట్టెలు వరసగా ఉన్నాయి. పెద్దబావ వీధంతా పంచేశాడు. నేను తల్లిని కాబోతున్నానని నాకంటే ముందు వీధికి తెలిసింది.

అంతలో ఊరి ఇంకో చివర అంకులిలో ఉన్న మా పుట్టింటి నుంచి అమ్మ ఫోను. గోపాలపూర్ చేపలు తెచ్చే ఆవిడ మా వీధిలో అమ్ముకుని, మిగిలినవి అంకులి తీసుకెళ్తుంది.

"ఏటే, ఈ మాట నాకు సేపలావిడ సెప్పాలేటే?" అంది అమ్మ. "నీ నోటితో వినాలని ఎన్నేళ్ళు సూసినాను."

నాకూ ఎవరో చెప్తేనే తెలిసిందమ్మా అంటే నమ్మే మాటేనా?

రెండో నెల దాటకుండానే ఆ కడుపు పోయింది. మిఠాయి తిన్న నోళ్ళతోనే అందరూ వచ్చి ఓదార్చి వెళ్ళారు. పెద్దబావ వారం రోజులు నా మొహం చూడలేకపోయాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలనుకున్నా చేతకాలేదు. నా ఒళ్ళు మండింది ఆ మెయిల్ మీద. తెరిస్తే చాలు, పక్కన ప్రకటనల్లో ఉయ్యాలలు, పాలడబ్బాలు, బుల్లి మేజోళ్ళు. హాస్పిటల్ నుంచి వచ్చినవి చదివి కాబోలు, తల్లినవుతున్నానని అది లెక్కగట్టుకుంది. పోయిందని పాపం దానికెవరూ చెప్పలేదు. నెలల తరబడి ఆ ఉయ్యాలలు ఊగుతూనే ఉన్నాయి.

రెండోసారి చికిత్స మొదలుపెట్టే ముందు నేను గట్టిగా అనుకున్నది ఒకటే. నిలిచినా పోయినా, ఈసారి అమ్మ నా నోటితోనే వినాలి.

పెద్దబావను ఆపడానికి పాస్‌వర్డూ, ఆ రహస్య ప్రశ్నా మారిస్తే సరిపోతుంది. నా ఉత్తరాలు చదివే మెయిల్ కంపెనీని ఎలా ఆపడం? వెతగ్గా వెతగ్గా ఇంకోరకం మెయిల్ దొరికింది. ప్రకటనలు ఉండవు, ఏడాదికి ఇంత అని మనమే కట్టుకోవాలి. లోపలి ఉత్తరాలు తాళం వేసి దాస్తుంది, ఆ తాళంచెవి మెయిల్ నడిపేవాళ్ళ దగ్గర కూడా ఉండదు. రహస్య ప్రశ్న లేదు. దాని బదులు పొంతన లేని మాటలు కొన్ని ఇచ్చింది. పాస్‌వర్డూ అవీ రెండూ పోగొట్టుకుంటే ఇక బ్రహ్మదేవుడు కూడా తెరవలేడు. పూలు గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి బట్టీపట్టాను.

"ఒక్క మెయిల్ కోసం ఇంత రాద్ధాంతమేటి? అన్నయ్య పరాయోడా?" అన్నారు మా ఆయన.

"పరాయివాడైతే ఎప్పుడో కడిగేసేదాన్ని" అన్నాను.

ఆయన మెల్లగా, "దీని పాస్‌వర్డ్ నాకూ సెప్పకు. అన్నయ్య అడిగితే నేను దాయలేను" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆ మనిషి మీద ప్రేమా వచ్చింది.

హాస్పిటల్ కౌంటర్లో కొత్త అడ్రసు రాసిస్తే అక్కడి అమ్మాయి, "ఇదేం మెయిల్ మేడమ్, ఎప్పుడూ వినలేదు" అంది. అందుకే తీసుకున్నానన్నాను. వాళ్ళ కంప్యూటర్లో ఒక కాపీ ఎలాగూ ఉంటుందని, దానికి నా తాళం పనిచేయదని నాకు తెలుసు. ఎంతవరకు నా చేతిలో ఉందో అంతవరకే చేసుకున్నాను.

రిపోర్టు ఒక ఉదయం ఆఫీసులో ఉండగా వచ్చింది. తెరిచాను. మళ్ళీ మళ్ళీ చదివాను. పక్కన ఉయ్యాలలు లేవు. చుట్టూ తెల్లగా ఖాళీ, మధ్యలో నా కబురు. మా ఆయనకు ఫోను చేసి చెప్పి, ఒక పూట సెలవు పెట్టి ఆటో ఎక్కాను. పెద్దబావకు నాలుగో నెల నిండాక నేనే చెప్పాను. కాస్త చిన్నబుచ్చుకుని, రెట్టింపు మిఠాయి పంచాడు. అది తర్వాతి మాట.

అంకులిలో అమ్మ గడపలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"ఏటే, ఈ ఏలప్పుడొచ్చినావ్?"

పక్కన కూర్చుని చెప్పాను. అమ్మ చింతపండు చేట పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"ఇంకెవులికి తెలుసు?"

"ఆయనకి. ఇప్పుడు నీకు."

"సేపలావిడకి?"

"తెలీదమ్మా."

అంతలో సందు చివరి నుంచి చేపలావిడ కేక వినబడింది. అమ్మ లేచి, నన్ను లోపలికి వెళ్ళమని సైగ చేసింది. నేను తలుపు వెనక నిలబడ్డాను. అమ్మ మామూలుగానే బేరమాడింది, మామూలుగానే విసుక్కుంది. చేపలావిడ తట్ట ఎత్తుకుంటూ, "అమ్మాయెలాగుందమ్మా? ఏటైనా ఇసేసమా?" అని అడిగింది.

"బాగుంది" అంది అమ్మ. "ఇసేసమేటుంటాది, ఎప్పట్లాగే ఉంది."

ఆవిడ కేక పక్క సందులోకి వెళ్ళిపోయేదాకా గడపలోనే నిలబడింది. అప్పుడు లోపలికి వచ్చి, చేపల గిన్నె కింద పెట్టి, తలుపు గడియ వేసి, నన్ను పట్టుకుని ఏడ్చింది.